బ్యాటరీకి పరీక్ష పెట్టేదెలా?

మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టులు ఉన్న బ్యాటరీ, మందు కొట్టే పంపుకి తగిలించిన పది నిమిషాలకే చతికిలబడిందనుకోండి. మీటర్ అబద్ధం చెప్పిందా? లేదు. "ఇప్పుడు వోల్టేజ్ ఎంత?" అని అడిగాం, అదే చెప్పింది. "ఎంతసేపు పని చేస్తావు?" అని మనం అడగనే లేదు. ఈ రెండో ప్రశ్న అడగడానికే బల్ల మీద పెట్టుకునే ఒక పరికరం ఉంది. దాన్ని బ్యాటరీ టెస్టర్ అంటారు. కొందరు బ్యాటరీ ఎనలైజర్ అని, సైక్లర్ అని కూడా అంటారు.

ఇది ఎలక్ట్రికల్ వాళ్ల సబ్జెక్ట్ కదా, మనకెందుకు అని సీఎస్ఈ వాళ్లు పేజీ తిప్పెయ్యకండి. ఆ డబ్బాలో సగం పని చేసేది ఒక చిన్న లూప్. ఇక మన చుట్టుపక్కల దీని అవసరం ఎంతుందో చూడాలంటే క్యాంపస్ దాటి మిర్చి చేల వైపు వెళ్తే చాలు.

ముందు చేను దగ్గర మొదలుపెడదాం

గుంటూరు, ప్రకాశం వైపు మిర్చి, పత్తి వేసే రైతుల దగ్గర ఇప్పుడు వీపున తగిలించుకునే బ్యాటరీ పంపులు మామూలైపోయాయి. ట్యాంకులో 16 లీటర్ల దాకా మందు నీళ్లు, దాని కింద అరలో ఒక లెడ్ యాసిడ్ బ్యాటరీ. చాలావాటి మీద 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్ అని రాసి ఉంటుంది. రాత్రి చార్జింగ్ పెట్టి పొద్దున్నే పొలానికి పట్టుకెళ్తారు.

2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు మిర్చి మీద పడ్డప్పుడు మందు కొట్టిన రైతులే మళ్లీ మళ్లీ కొట్టాల్సొచ్చింది. అలాంటి రోజుల్లో చేను మధ్యలో బ్యాటరీ ఆగిపోతే పోయేది కరెంటు ఒక్కటే కాదు. కలిపిన మందు, ఆ రోజు కూలి, మందు కొట్టడానికి అనువైన చల్లటి పూట, మూడూ పోతాయి. కొత్త బ్యాటరీ కొనాలా, పాతదే ఇంకో సీజన్ లాగుతుందా అన్నది రైతుకి డబ్బుతో కూడిన ప్రశ్న. షాపులో మీటర్ పెట్టి "ఫుల్‌గా ఉందండీ" అంటే ఆ ప్రశ్నకి జవాబు దొరికినట్టు కాదు.

చెరువు, పూడిక, తూము

ఎందుకు కాదో తెలియాలంటే బ్యాటరీని ఒక చెరువు అనుకోండి. వోల్టేజ్ అంటే నీటిమట్టం. అలుగు దాకా నీళ్లుంటే గట్టు మీద నుంచి చూసేవాళ్లకి చెరువు నిండుగానే ఉంటుంది. కానీ అడుగున పూడిక చేరితే మట్టం అంతే ఉన్నా నీళ్లు తక్కువ. బ్యాటరీ పాతబడినప్పుడు జరిగేది అదే. లెడ్ యాసిడ్‌లో ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, ఆ మేరకు ప్లేటు పనికిరాకుండా పోతుంది. దీన్నే కెపాసిటీ తగ్గడం అంటాం.

రెండో జబ్బు ఇంకోటి ఉంది. చెరువు నిండా నీళ్లున్నా తూము సగం మూసుకుపోతే పొలానికి సన్నటి ధారే వస్తుంది. బ్యాటరీలో దీని పేరు ఇంటర్నల్ రెసిస్టెన్స్. పాత బ్యాటరీలో ఇది 0.4 ఓమ్‌లు అయిందనుకుందాం. 3 ఆంపియర్లు లాగితే 0.4 × 3, అంటే 1.2 వోల్టులు లోపలే ఖర్చయిపోతాయి. 12.6 ఉన్నది ఒక్కసారిగా 11.4 అవుతుంది. లోడ్ తీసేస్తే మళ్లీ పైకి లేస్తుంది. అందుకే ఇంటికి తెచ్చి మీటర్ పెడితే ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌లో అయితే వోల్టేజ్ ఇంకా తక్కువ చెప్తుంది. వాటి డిశ్చార్జ్ గీత మధ్యలో దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. 80 శాతం ఉన్నా 30 శాతం ఉన్నా 3.2, 3.3 వోల్టుల చుట్టూనే తిరుగుతుంది. కాబట్టి తూము తెరిచి, నీళ్లు వదిలి, ఎన్ని వచ్చాయో కొలవడం ఒక్కటే దారి.

డబ్బాలో ఏముంది?

బల్ల మీది టెస్టర్‌ని విప్పితే ముఖ్యంగా నాలుగు భాగాలు కనిపిస్తాయి. ఒకటి, చార్జింగ్ సర్క్యూట్. రెండు, ఎలక్ట్రానిక్ లోడ్. ఇది మాస్‌ఫెట్‌లతో చేసిన లోడ్. వోల్టేజ్ మారుతున్నా మనం చెప్పిన కరెంటునే లాగుతుంది. లాగిన పవర్ అంతా వేడిగా మారుతుంది కాబట్టి హీట్ సింక్, ఫ్యాన్ ఉంటాయి. పెద్ద మెషీన్లలో ఆ పవర్‌ని వృథా చెయ్యకుండా తిరిగి గ్రిడ్‌కి పంపేవి కూడా ఉన్నాయి. మూడు, కొలిచే భాగం. చాలా తక్కువ విలువ ఉన్న రెసిస్టర్ గుండా కరెంటుని పంపి, దాని మీద వచ్చే చిన్న వోల్టేజ్‌ని కొలుస్తారు. ఆ రెసిస్టర్‌ని షంట్ అంటారు. నాలుగు, మైక్రోకంట్రోలర్. ఇది యూఎస్‌బీ ద్వారానో నెట్‌వర్క్ ద్వారానో కంప్యూటర్‌తో మాట్లాడుతుంది.

ఆ మైక్రోకంట్రోలర్ నడిపే లూప్ ఇది:

1. బ్యాటరీని ఫుల్ చార్జ్ చెయ్యి. కాసేపు కదపకుండా వదిలెయ్యి.
2. 0.4 ఆంపియర్ల లోడ్ పెట్టు.
3. ప్రతి సెకనుకీ వోల్టేజ్, కరెంటు చదువు. కరెంటుని 3600తో భాగించి మొత్తానికి కలుపు.
4. వోల్టేజ్ 10.5కి దిగిందా? దిగితే లోడ్ తీసెయ్యి. లేకపోతే మూడో మెట్టుకి వెళ్లు.
5. మొత్తం ఎంతైందో చూపించు. అదే ఆంపియర్ అవర్లలో కెపాసిటీ.

మూడో మెట్టులో కరెంటు బదులు వోల్టేజ్, కరెంటుల లబ్ధాన్ని కలిపితే వాట్ అవర్లు, అంటే ఎనర్జీ వస్తుంది. కరెంటుని ఇలా సెకను సెకనుకీ కూడుతూ పోవడాన్ని కూలుంబ్ కౌంటింగ్ అంటారు. మన ఫోన్‌లో బ్యాటరీ శాతం చూపించే చిప్‌లలో చాలావాటి వెనక ఉన్న ఐడియా కూడా ఇదే.

లూప్ సింపుల్‌గా ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. మీ సెన్సార్ ఎప్పుడూ 10 మిల్లీ ఆంపియర్లు ఎక్కువ చూపిస్తుందనుకోండి. ఒక్క రీడింగ్‌లో అది కంటికి ఆనదు. కానీ 20 గంటల టెస్టులో చినుకు చినుకు కలిసి వాగైనట్టు 0.2 ఆంపియర్ అవర్లు అవుతుంది. 8లో అది 2.5 శాతం. అటూ ఇటూ ఊగే ఎర్రర్ కూడికలో చాలావరకు రద్దైపోతుంది, ఒకే వైపు ఒరిగిన ఎర్రర్ మాత్రం పేరుకుంటుంది. అందుకే మంచి టెస్టర్‌కి క్యాలిబ్రేషన్ తప్పనిసరి.

లేబుల్ మీద 8 అంటే ఏ 8?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద 8 ఆంపియర్ అవర్ అని ఉంటే మామూలుగా దాని అర్థం ఇది: గది ఉష్ణోగ్రత దగ్గర, 0.4 ఆంపియర్ల చొప్పున నిదానంగా లాగితే, ఒక్కో సెల్ 1.75 వోల్టులకి దిగేదాకా 20 గంటలు వస్తుంది. ఆరు సెల్స్ కాబట్టి మొత్తం 10.5 వోల్టులు. పంపు మోటారు 0.4తో సరిపెట్టుకోదు కదా.

లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుంది. జర్మనీకి చెందిన పాయికెర్ట్ 1897లో దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. అందులో ఒక ఘాతాంకం ఉంటుంది. లెడ్ యాసిడ్‌కి అది సుమారుగా 1.1 నుంచి 1.3 మధ్య ఉంటుంది. 1.2 అనుకుని మన బ్యాటరీకి లెక్క వేస్తే ఇలా వస్తుంది:

0.4 ఆంపియర్లు లాగితే: 20 గంటలు, మొత్తం 8 ఆంపియర్ అవర్లు.
1.75 ఆంపియర్లు లాగితే: దాదాపు 3 గంటల 24 నిమిషాలు, మొత్తం 6 ఆంపియర్ అవర్లు.
2.5 ఆంపియర్లు లాగితే: దాదాపు 2 గంటల 13 నిమిషాలు, మొత్తం 5.5 ఆంపియర్ అవర్లు.

8ని 2.5తో భాగించి "3 గంటల 12 నిమిషాలు రావాలి, గంట తక్కువొచ్చింది, బ్యాటరీ పోయింది" అంటే మంచి బ్యాటరీని పారేసుకున్నట్టే. లేబుల్ అబద్ధం కాదు, మనం పెట్టిన పరీక్ష వేరు. అందుకే టెస్ట్ రిపోర్టులో కెపాసిటీ పక్కన ఎంత కరెంటు, ఏ వోల్టు దగ్గర ఆపారు, ఉష్ణోగ్రత ఎంత అన్న మూడూ రాయాలి. అవి లేని అంకెని ఇంకో అంకెతో పోల్చలేం.

ఉష్ణోగ్రత మన దగ్గర చిన్న విషయం కాదు. మే నెలలో గుంటూరు ఎండకి 40 డిగ్రీలు దాటుతుంది. వేడిలో బ్యాటరీ ఆ పూటకి కొంచెం ఎక్కువే ఇస్తుంది, కానీ ఆయుష్షు తరిగిపోతుంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకి లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు ఒక అంచనా లెక్క వాడతారు. ఎండలో రేకుల షెడ్డు కింద చేసిన టెస్టునీ, ఏసీ ల్యాబ్‌లో చేసిన టెస్టునీ పక్కపక్కన పెట్టకూడదు.

నాలుగు వైర్లు ఎందుకు?

మంచి టెస్టర్‌లో ఒక్కో సెల్‌కి రెండు వైర్లు కాదు, నాలుగు ఉంటాయి. 18650 సెల్ తీసుకోండి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే గుండ్రటి లిథియం సెల్ ఇది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పితే కనిపించేవి చాలావరకు ఇవే. మంచి సెల్‌లో ఇంటర్నల్ రెసిస్టెన్స్ కొన్ని పదుల మిల్లీ ఓమ్‌లు మాత్రమే. మనం వాడే వైర్లు, క్లిప్పులు కలిపి కూడా అంతే ఉండొచ్చు. సెల్ 30, వైర్లు 40 అయితే రెండు వైర్ల మీటర్ 70 అని చూపిస్తుంది. అందులో సెల్ వాటా ఎంతో తేల్చలేం.

దీనికి ఉపాయం, కరెంటు వెళ్లే దారి వేరు, వోల్టేజ్ కొలిచే దారి వేరు చెయ్యడం. లావు వైర్లు రెండు కరెంటుని మోస్తాయి. సన్న వైర్లు రెండు నేరుగా సెల్ కొనల దగ్గర వోల్టేజ్ చూస్తాయి. వాటిలో దాదాపు కరెంటే వెళ్లదు కాబట్టి వాటి రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. దీన్నే కెల్విన్ కనెక్షన్ అంటారు.

రెసిస్టెన్స్ కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, సెకనుకి 1000 సార్లు ఊగే చిన్న ఏసీ సిగ్నల్ పంపి కొలవడం. జపాన్‌కి చెందిన హియోకీ లాంటి కంపెనీల మీటర్లు ఇలా క్షణాల్లో చెప్పేస్తాయి. రెండోది, డీసీ లోడ్‌ని ఒక్కసారిగా మార్చి వోల్టేజ్ ఎంత దిగిందో చూడడం. ఒకే సెల్‌కి రెండు పద్ధతుల్లో వేర్వేరు అంకెలు వస్తాయి. రెండూ నిజమే. ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చడమే కుదరదు.

తిరుపతిలో 20,000 సెల్స్

ఒక సెల్‌ని పరీక్షించడం మన లెవెల్‌లో సరదా. ఫ్యాక్టరీలో మాత్రం అదే పెద్ద తలనొప్పి. 2022 సెప్టెంబర్‌లో తిరుపతిలో మునోత్ ఇండస్ట్రీస్ లిథియం సెల్ ప్లాంటులో ప్రీ-ప్రొడక్షన్ మొదలైంది. దేశంలో ఇలాంటి మొదటి ప్లాంట్ ఇదేనని కేంద్ర ప్రభుత్వం అప్పుడు ప్రకటించింది. చెప్పిన లెక్క, రోజుకి 10 ఆంపియర్ అవర్ల సెల్స్ 20,000, ఏడాదికి 270 మెగావాట్ అవర్లు. సరిచూద్దామా? 20,000 × 10 × 3.7 వోల్టులు అంటే రోజుకి 740 కిలోవాట్ అవర్లు. దాన్ని 365తో గుణిస్తే 270 మెగావాట్ అవర్లు. సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. లిథియం సెల్ తయారవగానే అమ్మడానికి పనికిరాదు. మొదటి చార్జ్ చాలా జాగ్రత్తగా ఇవ్వాలి, తర్వాత కెపాసిటీ కొలిచి గ్రేడ్ చెయ్యాలి. ఒక్కో సెల్‌కి చార్జ్ 5 గంటలు, డిశ్చార్జ్ 5 గంటలు పట్టిందనుకుందాం. టెస్టర్‌లో సెల్‌ని తగిలించే ఒక్కో చోటుని చానల్ అంటారు. ఒక చానల్ రోజుకి 2.4 సెల్స్‌నే చూడగలదు. రోజుకి 20,000 సెల్స్‌కి 8,300కి పైగా చానల్స్ కావాలి! షెంజెన్‌కి చెందిన న్యూవేర్ కంపెనీది, యూనివర్సిటీ ల్యాబుల్లో బల్ల మీద కనిపించే 5 వోల్టులు, 6 ఆంపియర్ల టెస్టర్‌లో ఉండేవి 8 చానల్స్. అలాంటివి వెయ్యికి పైగా పెట్టినట్టన్నమాట. ఫ్యాక్టరీల్లో బీరువాలంత మెషీన్లు ఉండేది ఇందుకే. పైగా ఎంత డబ్బున్నా ఈ పరీక్ష టైమ్‌ని పెద్దగా తగ్గించలేం.

ఇదే తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వాళ్లు ఎప్పటినుంచో లెడ్ యాసిడ్ బ్యాటరీలు చేస్తున్నారు. 2022 డిసెంబర్‌లో అదే సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్స్ కోసం 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. అనుకున్న సామర్థ్యం 16 గిగావాట్ అవర్ల దాకా. పైన చెప్పిన 270 మెగావాట్ అవర్లకి అది దాదాపు 60 రెట్లు. ఎన్ని చానల్స్, ఎంత డేటా, ఆ డేటాలో చెడ్డ సెల్‌ని తొందరగా పట్టుకునే ప్రోగ్రామ్‌లు ఎవరు రాస్తారు? ఇందులో మన బ్రాంచ్ వాళ్లకి పని లేదని ఎవరన్నారు?

0.1 శాతం విలువ

సెల్‌లోకి పంపిన చార్జ్‌లో ఎంత తిరిగొచ్చింది అన్న నిష్పత్తిని కూలుంబిక్ ఎఫిషియెన్సీ అంటారు. 99.9 శాతం అంటే ఫస్ట్ క్లాస్ అనిపిస్తుంది. కానీ ప్రతి సైకిల్‌కి 0.1 శాతం శాశ్వతంగా పోతుందనుకుంటే దాదాపు 223 సైకిళ్లకే కెపాసిటీ 80 శాతానికి పడిపోతుంది. 99.99 అయితే 2,200 సైకిళ్లు దాటుతుంది. తిరిగిరాని ప్రతి చార్జీ కెపాసిటీ తరుగు కాదు కాబట్టి ఇది లెక్క సులువు కోసం వేసిన అంచనాయే. అయినా సంగతి అర్థమవుతుంది. ఈ రెండు సెల్స్ మధ్య తేడా 0.09 శాతమే. టెస్టర్‌లోనే 0.1 శాతం తప్పుంటే ఏది మంచిదో తేలదు. కెనడాలోని డల్‌హౌసీ యూనివర్సిటీలో జెఫ్ డాన్ బృందం చాలా కచ్చితంగా కొలిచే చార్జర్లు తయారు చేసుకున్నది ఇందుకే. ఏళ్ల తరబడి సైకిళ్లు తిప్పకుండా, కొన్ని వారాల కొలతతోనే ఏ సెల్ ఎక్కువ కాలం నిలుస్తుందో అంచనా వెయ్యాలని వాళ్ల ప్రయత్నం.

టెస్టర్ చెప్పనిది

2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. ఆ వేసవిలో దేశంలో అలాంటివి వరసగా జరిగాయి. తర్వాత కేంద్రం ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసి, 2022 డిసెంబర్ నుంచి, 2023 మార్చి నుంచి అని రెండు దశల్లో అమలుకి తెచ్చింది.

కెపాసిటీ పరీక్ష పాసైన బ్యాటరీ సురక్షితం అని అర్థం కాదని గుర్తుంచుకోవాలి. షార్ట్ చెయ్యడం, ఓవర్ చార్జ్ చెయ్యడం, ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్స్‌కి పాకుతుందా అని చూడడం, ఇవన్నీ ప్రత్యేకమైన చాంబర్లలో చెయ్యాల్సిన పరీక్షలు. హాస్టల్ గదిలో వాటి జోలికి వెళ్లొద్దు. కానీ టెస్టర్ ముందుగా ఒక హెచ్చరిక ఇవ్వగలదు. ప్యాక్‌లో వరసగా కలిపిన సెల్స్‌లో ఒకటి బలహీనంగా ఉంటే డిశ్చార్జ్‌లో అదే ముందు అడుగంటుతుంది, చార్జింగ్‌లో అదే ముందు నిండి పొంగుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కూలబడితే రెండోది ఎంత బలంగా ఉన్నా అరక కదలదు కదా. పాత సెల్స్ ఏరి ప్యాక్ కట్టేవాళ్లు ఒక్కో సెల్‌నీ విడిగా కొలిచి, కెపాసిటీ, రెసిస్టెన్స్ దగ్గరగా ఉన్నవే జత చెయ్యాలి అనేది ఇందుకే. ఇక 18650 మీద 9900 మిల్లీ ఆంపియర్ అవర్ అని రాసి ఉంటే కొలవక్కర్లేదు, కొనకుండా ఉంటే చాలు. ఆ సైజులో మంచి కంపెనీల సెల్స్ ఇచ్చేది 3500 దరిదాపుల్లోనే.

మనం ఏం చెయ్యొచ్చు?

లెడ్ యాసిడ్ పంపు బ్యాటరీకి టెస్టర్ మన ల్యాబ్‌లోనే కట్టొచ్చు. కావలసినవి ఒక అర్డుయినో, ఐఎన్ఏ219 సెన్సార్ బోర్డు, ఒక రిలే, 12 వోల్టుల 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బు. ఆ సెన్సార్ 26 వోల్టుల దాకా, మామూలుగా దొరికే బోర్డులో 3.2 ఆంపియర్ల దాకా కొలుస్తుంది. బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజ్ దిగేకొద్దీ కరెంటూ కొంచెం తగ్గుతుంది, కానీ మనం సెకను సెకనుకీ కొలిచి కూడుతున్నాం కాబట్టి ఇబ్బంది లేదు. 10.5 దగ్గర రిలే కట్ చెయ్యాలి. అది మర్చిపోతే పరీక్షే బ్యాటరీని చంపేస్తుంది. బ్యాటరీ ప్లస్ వైర్ దగ్గర ఫ్యూజ్ పెట్టండి. టైల్స్ మీద, గాలి ఆడేచోట చెయ్యండి. లిథియం ప్యాక్‌లని ఈ సెటప్‌తో ముట్టుకోవద్దు. వాటికి వోల్టు హద్దులు వేరు, చార్జర్ వేరు.

కొత్త 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఈ బల్బు మీద 6 దరిదాపుల్లో ఇస్తే బాగున్నట్టే. ఆ అంకెని తేదీతో సహా బ్యాటరీ మీదే మార్కర్‌తో రాసిపెట్టండి. ఏడాది తర్వాత అదే బల్బు, అదే 10.5, ఇంచుమించు అదే ఉష్ణోగ్రతలో మళ్లీ కొలవండి. 6 వచ్చిన చోట 4.8 వస్తే 80 శాతానికి దిగిందన్నమాట. బ్యాటరీల లోకంలో మామూలుగా "ఇక రిటైర్ చెయ్యొచ్చు" అనే గీత అది. అయినా రోజుకి గంట మాత్రమే మందు కొట్టే రైతుకి అదే బ్యాటరీ ఇంకో సీజన్ సరిపోవచ్చు. ఆ నిర్ణయం ఆయనది. అంకె ఇవ్వడం వరకే మన పని.

మిర్చి నాట్లు ఆగస్టు, సెప్టెంబర్‌లలో పడతాయి. మందు కొట్టడం ఊపందుకునేలోపు ఒక శనివారం ఎలక్ట్రికల్ వాళ్లూ మనమూ కలిసి ఇలాంటి టెస్టర్లు నాలుగైదు కట్టి, దగ్గర్లోని ఏదో ఒక ఊళ్లో పెడితే ఎలా ఉంటుంది? ఒక్కో బ్యాటరీకి మూడున్నర గంటలు పడుతుంది కాబట్టి ముందురోజు రాత్రే ఫుల్ చార్జ్ పెట్టి తెమ్మని చెప్పాలి. ఫలితం కాగితం మీద తెలుగులో రాసిద్దాం: ఎన్ని ఆంపియర్లు లాగాం, ఏ వోల్టు దగ్గర ఆపాం, ఎంత వచ్చింది. లూప్ రాయడానికి ఎవరు ముందుకొస్తారో చెప్పండి.